సాదా పళ్ళపొడి వారి మూడు పెట్టెలు

దేవుడి మీద ఒట్టు, మా అమ్మ మీద ఒట్టు, ఎదురుగా చల్లారిపోతున్న ఈ టీ గ్లాసు మీద ఒట్టు. ఈ కింద రాయబోయే ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఇప్పటికే నవ్వు మొదలుపెట్టి ఉంటారు. మూసీకి వరదొచ్చినప్పుడు నవారు మంచం మీద పడుకునే చాదర్‌ఘాట్ నుంచి మూసారాంబాగ్ దాకా తేలుకుంటూ వెళ్ళి, అక్కడ లేచి మొహం కడుక్కుని బస్సెక్కి వచ్చానని ఒక ఆఫీసు ఆఫీసంతా నమ్మేటట్టు చెప్పినవాణ్ణి నేను. కానీ అది వేరు, ఇది వేరు. తమాషా ఏమిటంటే, నేను ఇప్పుడు ఎవరి సంగతి రాయబోతున్నానో ఆ ఇంట్లో ఒట్టు వేయడం నిషిద్ధం. ఒట్టేసి చెప్పింది నిజమైతే, వేయకుండా చెప్పిన మిగతా మాటలన్నీ ఏమిటని వాళ్ళ ప్రశ్న. ఆ ఇంటి యజమాని సత్యానందం గారిని ఒకసారి ఏదో గోడ తగాదాలో సాక్ష్యానికి పిలిచారట. గ్రంథం మీద చెయ్యి పెట్టనన్నారు. మరి మీరు నిజమే చెబుతారని నాకెలా తెలుస్తుందని జడ్జి అడిగితే, ఒక రెండు గంటలు వింటే తెలుస్తుందన్నారట. అంత ఓపిక లేక జడ్జి ఆయన్ని ఒట్టు లేకుండానే వదిలేశాడు.

పోయిన సోమవారం ఆ ఇంటి ఆడపడుచు, సత్యానందం గారి కూతురు రాహేలక్క ఫోన్ చేసింది. లెక్కల టీచరుగా రిటైరై ఎల్.బి. నగర్‌లో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటోంది. నాకంటే ఐదేళ్ళు పెద్ద. వాళ్ళ నాన్న చీపురు పట్టిన మనిషిని కూడా ‘మీరు’ అనేవారు, ఈమె మాత్రం అందరినీ ‘రా’ అంటుంది. ఇదేమిటక్కా అంటే, “మా ఇంటికి ఇచ్చిన ‘మీరు’లన్నీ మా నాన్ననే ఖర్చు పెట్టిండురా” అంటుంది. ఆ రోజు ఫోన్‌లో, నాన్న కాగితాల పెట్టెలు మూడూ ముందరేసుకుని కూర్చున్నానని, అందులో నా చేతిరాత ఉందని, ఒకసారి వచ్చి పొమ్మని చెప్పి పెట్టేసింది. ఆ ఇంట్లో ఫోన్లు అంతే. చెప్పాల్సింది అయిపోయాక ‘ఉంటా మరి’ అనడం కూడా అదనపు ఖర్చే.

మర్నాడు మలక్‌పేటలో మెట్రో ఎక్కాను. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసరికి కిటికీకి సరిగ్గా ఎదురుగా కోచింగ్ సెంటర్ల బోర్డులు వచ్చాయి. మొదటి ర్యాంకు మాదేనని నాలుగు సంస్థలు నాలుగు ఫొటోలు వేశాయి. మూడింటిలో పిల్లవాడు ఒకడే, చొక్కాలు వేరు. ఇంకొంచెం ముందుకు వెళ్తే తుర్కయంజాల్ ప్లాట్ల బోర్డు: ‘విమానాశ్రయానికి పది నిమిషాలు’. విమానంలో వెళ్తే నిజమే కావచ్చు. ఆ బోర్డుల వెనక సందులోనే ఒకప్పుడు రేకుల షెడ్డు ఉండేది. దాని ముందు తెల్ల సున్నం గోడ మీద నీలం రంగుతో, ‘సాదా పళ్ళపొడి. ఇక్కడ తయారు చేస్తాము’ అని రాసి ఉండేది. అంతే. ‘సుప్రసిద్ధ’ లేదు, ‘నెంబర్ వన్’ లేదు, ఆశ్చర్యార్థకం లేదు. నా చిన్నతనం అంటే నాకు గుర్తొచ్చే చోటు అదే. పుట్టింది సైదాబాద్‌లో అయినా, ఇరవై రెండేళ్ళ వయసులో నేను మళ్ళీ మొదటినుంచి పెరిగింది ఆ షెడ్డులో.

వాళ్ళు క్వేకర్లు. ఈ మాట అప్పట్లో ఆ సందులో ఎవరికీ తెలియదు. క్రైస్తవుల్లో అదొక శాఖ. పాస్టరు ఉండడు, పాట ఉండదు, ప్రసంగం ఉండదు. అందరూ గుండ్రంగా కూర్చుని మౌనంగా ఉంటారు. ఎవరికైనా లోపల నిజంగా ఏదైనా తోస్తే లేచి చెబుతారు, లేకపోతే గంట తర్వాత పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుని ఊపి లేచిపోతారు. సత్యానందం గారి తండ్రి నల్లగొండ వైపు ఒక పల్లెలో, కరువు పనుల కోసం వచ్చిన క్వేకరు దొర దగ్గర వంటమనిషిగా ఉండేవాడట. దొర వెళ్ళిపోతూ ఆయనకు ఒక ఇత్తడి గంటె, పళ్ళపొడి చేసే పద్ధతి, మౌనం ఇచ్చి వెళ్ళాడు. గంటె మొదటి ఏడే పోయిందట. మిగతా రెండింటితో వాళ్ళు పట్నం వచ్చి షెడ్డు వేశారు. ఈ తెలుగు దేశం మొత్తంలో క్వేకరు కార్ఖానా కుటుంబం ఇంకొకటి ఉందో లేదో నాకు తెలియదు. ఉన్నా వాళ్ళు చెప్పుకోరు కదా, మనకు తెలిసే దారి లేదు. ఎదురింటి కిరాణా మల్లయ్యకు మాత్రం వాళ్ళ మీద ఒకటే ఫిర్యాదు. “మైకు లేని చర్చి ఏం చర్చి సార్? గిట్లయితె దేవునికి ఎట్ల వినపడతది?” అనేవాడు.

నేను ఆ షెడ్డులోకి ఉత్తరాలు రాసే గుమాస్తాగా వెళ్ళాను. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, అదొక్కటే అర్హత. సత్యానందం గారు సన్నగా, పొడుగ్గా, తెల్ల పైజామాతో ఉండేవారు. ఆ పైజామా మీద ఎప్పుడూ మోకాళ్ళ దాకా గులాబి రంగు పొడి. ఆయన నన్ను కూర్చోబెట్టి, మీలో ఉన్న లోపం ఏమిటో చెప్పండి అన్నారు. నాకు లోపాలేమీ లేవండి అన్నాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, రేపటినుంచి రమ్మన్నారు. తర్వాతెప్పుడో ఆ కాగితం నా చేతికే ఫైలు చేయడానికి వచ్చింది. దాని మీద, ‘లోపం ఒకటి వెంటనే దొరికినది. అక్షరాలు బాగున్నవి’ అని ఉంది.

పొద్దున తొమ్మిదింటికి సుద్దపొడి మూటలు విప్పేవారు. కర్పూరం, లవంగ నూనె, పిప్పరమెంటు పువ్వు కలిసే డ్రమ్ము తిరగడం మొదలయ్యాక ఆ సందు సందంతా ఎవరో పెద్ద నోరు ఆవలించినట్టు చల్లటి వాసన వేసేది. పదకొండింటికల్లా మేమందరం గులాబి రంగులోకి మారిపోయేవాళ్ళం: కనురెప్పలు, చెవులు, టిఫిన్ డబ్బాలు, నేను రాసే ఉత్తరాలు. జల్లెడ పట్టే యాదమ్మ కల్లు దుకాణం ముందు నుంచి వెళ్తే తాగేవాళ్ళు లేచి నిలబడి దండం పెట్టేవారట, ఎవరో అమ్మవారు అనుకుని. ఇది యాదమ్మే చెప్పింది, నేను కాదు. ఆమెకు సత్యానందం గారి ‘మీరు’ అంటే మహా భయం. చేరిన కొత్తలో, ‘యాదమ్మా, మీరు ఈ జల్లెడ పడతారా’ అని ఆయన అడిగితే ఇంటికి వెళ్ళి ఏడ్చిందట. “గంత పెద్దాయన నన్ను మీరు అంటుండు, నేనేం తప్పు జేసిన్నో ఏమో” అని.

మధ్యాహ్నం భోజనాలు షెడ్డు వెనకే ఉన్న ఇంట్లో. సత్యానందం గారి భార్య రూతమ్మ గారు వండేవారు. ఆ ఇంటి నియమం ప్రకారం ఆమె వంట గురించి ఆమే ముందు నిజం చెప్పేవారు. ‘పప్పు అడుగంటింది, తప్పు నాదే. పచ్చడి బాగుంది.’ మనం మెచ్చుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. సాయంత్రం నాలుగింటికి టీ ఇచ్చి, ఏదీ మీ మంచం కథ చెప్పండి అనేవారు. నా అబద్ధాలంటే ఆమెకు ఇష్టం. ఆ ఇంట్లో ఎవరూ ఆడరు కాబట్టి, ఉప్పు లేని ఇంట్లో ఊరగాయ దొరికినట్టుండేదేమో. సత్యానందం గారు మాత్రం వరద కథ విని, నీటి వేగానికి మంచం తలకిందులు అవ్వాలి కదా అని శ్రద్ధగా అడిగారు.

బుధవారం పొద్దున డ్రమ్ము ఆపి అందరం గంటసేపు మౌనంగా కూర్చోవాలి. మతం ఏదైనా సరే, కార్ఖానాకు సంబంధించిన నిర్ణయాలన్నీ ఆ కూర్చోవడంలోనే జరగాలి. ఓట్లు లేవు, యజమాని మాటే చెల్లాలన్న నియమమూ లేదు. అందరికీ ఒకటే తోచేదాకా కూర్చోవడమే. డ్రమ్ము తిప్పే లింగయ్యకు ఆ గంటలో నిద్ర తప్ప ఇంకేమీ తోచేది కాదు. ఆ నిర్ణయాల మినిట్స్ రాయడం నా పని. అవన్నీ మొన్న రెండో పెట్టెలో కనిపించాయి. మా పొడికి పోటీగా ఒక సినిమా తార నవ్వుతున్న డబ్బాలు బజారులోకి వచ్చినప్పుడు, మన డబ్బా మీద కూడా ‘మెరిసే పళ్ళకు’ అని వేద్దామని నేను లేచి అన్నాను. దాని మీద మూడు బుధవారాలు కూర్చున్నాం. నా చేతిరాతలోనే ఉంది: ‘మెరిసే అను మాట గురించి మౌనముగా కూర్చుంటిమి. స్పష్టత రాలేదు. వచ్చే వారమునకు వాయిదా.’ మూడో వారం: ‘మెరియుట డబ్బా మూతకు వర్తించును గాని పళ్ళకు వర్తించదని అందరికీ తోచినది. లింగయ్య నిద్రలో ఉన్నందున ఆయన అభిప్రాయము తెలియదు.’ చివరికి డబ్బా మీద పడ్డ వాక్యాలు ఇవి: ‘ఈ పొడితో పళ్ళు శుభ్రపడును. తెల్లబడునని మేము అనము. పుచ్చిపోయిన పంటికి డాక్టరు వద్దకు వెళ్ళవలెను.’ ఆ డబ్బా కొన్నవాళ్ళు చాలామంది వెనకవైపు చదివి నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళేవారు. సైదాబాద్‌లో ఒక పళ్ళ డాక్టరు మాకు ప్రతి క్రిస్మస్‌కీ కేకు పంపేవాడు. ఈ ఇంట్లో పండగలు లేవని, ఏ రోజూ ఇంకో రోజుకంటే పెద్దది కాదని, కేకు బాగుందని, రెండు ముక్కలూ కలిపి ఆయనకు జవాబు రాసేవాణ్ణి.

కానీ ఆయన పేరు దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట దాకా పాకింది పళ్ళపొడి వల్ల కాదు, ఆయన రాసిచ్చే ఉత్తరాల వల్ల. పని మానేసి వెళ్ళేవాళ్ళకు, ఇతను ఇటువంటివాడు అని ఒక కాగితం రాసి సంతకం చేసి ఇచ్చేవారు. అందులో నిజం తప్ప ఏమీ ఉండేది కాదు. మలక్‌పేటలో ఒక బడికి రాత్రి కాపలా ఉద్యోగానికి వెళ్ళబోయిన లింగయ్యకు, ‘లింగయ్య మెలకువగా ఉన్నంతసేపు మిక్కిలి నమ్మదగినవారు’ అని రాసిచ్చారు. లింగయ్య ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళి, అదే కాగితంతో తిరిగి వచ్చి, డ్రమ్ము దగ్గర కూర్చుని నిద్రపోయాడు. డబ్బాలు ప్యాక్ చేసే శ్రీశైలం పెళ్ళి విచారణకు తుర్కయంజాల్ నుంచి ఆడపిల్లవాళ్ళు వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. “మంచివారు. తాగరు. కోపం వస్తే అన్నం పళ్ళెం విసురుతారు. ఇక్కడ రెండుసార్లు విసిరారు. రెండోసారి ఖాళీ పళ్ళెం” అన్నారు సత్యానందం గారు. శ్రీశైలం లోపల గులాబి రంగులోంచి తెల్ల రంగులోకి మారాడు. పిల్ల తండ్రి మాత్రం, నలుగురు పిల్లగాళ్ళను చూసినమని, ఎవలనడిగినా బంగారం అన్నరని, ఒక్కడి గురించి అయినా ఒక్క చెడ్డమాట విన్నది ఇక్కడేనని, కాబట్టి తాగడన్న మాట కూడా నిజమే అయ్యుంటదని, పిల్లను ఇచ్చేశాడు. పళ్ళేల సంగతి ఆ పిల్ల చూసుకుంది. అప్పటినుంచి ఆ సంతకానికి ఒక విలువ ఏర్పడింది. సత్యానందం సంతకం ఉంటే ఇక వేరే విచారణ అక్కర్లేదు అనేవారు.

ఆ విలువ మీదే నా కన్ను పడింది. మూడేళ్ళు గడిచాక ఒక పత్రికలో ఉద్యోగం ఉందని తెలిసి అర్జీ పెట్టాను. పత్రిక అంటే నిజాలు రాసే చోటు అని అప్పట్లో వాళ్ళు కూడా అనుకునేవారు. పాత యజమాని దగ్గర నుంచి నిజాయితీ గురించి రాయించుకు రమ్మన్నారు. లోకంలో నా నిజాయితీ గురించి రాయకూడని మనిషి ఎవరైనా ఉంటే అది సత్యానందం గారు. మంచం మీద తేలిన కథ ఆయనకు తెలుసు. సరిగ్గా ఆ వారమే ఆయనకు కంటి ఆపరేషన్ అయ్యింది. ఒక కన్నుకు ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంది, రెండోదాన్ని పొర అంతకుముందే కప్పేసింది. ఏ కాగితమైనా రెండుసార్లు చదవనిదే ఆయన సంతకం పెట్టరు. చదవలేరు కాబట్టి, ఆ వారం చదివి వినిపించే పని నాది.

ఇక్కడ రాహేలక్క ఇంటికి వెళ్ళాలి, ఎందుకంటే ఆ కాగితం నకలు ఇప్పుడు అక్కడుంది. మూడు రేకు పెట్టెలు హాల్లో వరసగా తెరిచి ఉన్నాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా మూత తీస్తే కర్పూరం వాసన. ఒక పెట్టె నిండా ఉత్తరాల కార్బన్ నకళ్ళు. రెండోదాంట్లో మినిట్స్, లేబుళ్ళు. మూడోది ఇంటి కాగితాలు: రూతమ్మ గారి వంట డైరీలు, కొత్తగా పెళ్ళయ్యాక ఆమె పుట్టింట్లో ఉన్నప్పుడు సత్యానందం గారు రాసిన ఉత్తరాలు. అందులో ఒకటి రాహేలక్క నాకిచ్చి చదవమంది. ‘మీరు లేక ఇల్లు ఖాళీగా ఉన్నదని వ్రాయలేను. అమ్మ, చెల్లెలు, మేనత్త ఉన్నారు. అయితే నేను మూడు రోజులుగా భోజనానికి తప్ప ఇంట్లోకి వెళ్ళుట లేదు.’ అబద్ధాలమారినైన నేను నా జీవితంలో ఏ ఆడమనిషికీ ఇంత మంచి ప్రేమలేఖ రాయలేదు. ఈ కాగితాలన్నీ విదేశంలో ఒక పెద్ద గ్రంథాలయం వాళ్ళు తీసుకుంటారట. క్వేకరు కార్ఖానా కుటుంబాల కాగితాలు పోగుచేస్తున్నారట. అక్కడి క్వేకర్లు చాక్లెట్లు, సబ్బులు చేసి గొప్పవాళ్ళయ్యారు, ఇక్కడ పళ్ళపొడి చేసినవాళ్ళు కూడా ఒకరున్నారని వాళ్ళకు ఎలాగో తెలిసింది. వాళ్ళ తరఫున ఒక పరిశోధకురాలు గురువారం వస్తుంది. ఆమె వచ్చేలోపు రాహేలక్క ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. ఇచ్చినవారు ఇందులో నుంచి ఏ కాగితమూ తీసి దాచలేదు అని అందులో ఉంది.

రాహేలక్క నా ముందు ఒక నకలు పెట్టింది. మాసిపోయిన నీలి అక్షరాలు, నావే. నా పేరు, నేను మూడేళ్ళు అక్కడ పనిచేసిన సంగతి, చేతిరాత బాగుంటుందన్న మాట. దాని కింద వాక్యం: ‘ఇతను ఎన్నడూ అబద్ధమాడగా నేను చూడలేదు.’ దాని కింద, వంకరగా, సత్యానందం గారి సంతకం.

“ఇది చూస్కుంట మూడు దినాల సంది కూసున్న,” అంది. “నాన్న తెల్సి పెట్టిండా, తెల్వక పెట్టిండా? తెల్సి పెడితె నాన్న అబద్ధాలోడు. తెల్వక పెడితె నువ్వు దొంగవు. దీన్ని తీసి పక్కకు పెడదామంటె ఆ ఫారం మీద నేను సంతకం చెయ్యలేను. పెట్టెల ఉంచితె, మా నాన్న జీవితంల రాసిన అన్ని కాగితాల పక్కకు ఇది పోయి కూసుంటది. చదివినోడు ఏమంటడు? గీయన గూడ అందరి లెక్కనే అంటడు. చెప్పురా. ఏం జరిగింది?”

నేను వెంటనే మూడు కథలు చెప్పాను. ముందు, అది నా చేతిరాత కాదన్నాను. ఆమె రెండో పెట్టెలోంచి ఒక మినిట్స్ పుస్తకం తీసి పక్కన పెట్టింది. తర్వాత, అప్పటివరకూ నేను నిజంగానే అబద్ధమాడలేదని, మంచం కథ అక్షరాలా జరిగిందని అన్నాను. మూడోది, పత్రికవాళ్ళే అలా రాయమన్నారని. ఆమె కుర్చీలో నిటారుగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళ నాన్న బుధవారం కూర్చున్నట్టు కూర్చుంది. కింద రోడ్డు మీద విజయవాడ బస్సులు మనుషుల్ని పిలుస్తున్నాయి. పోలీసులకు లాఠీలు ఎందుకో నాకు అర్థం కాదు, ఇటువంటి కుటుంబం ఒకదాన్ని స్టేషన్లో కూర్చోబెడితే సరిపోతుంది. ఎంతసేపైందో తెలియదు, నేను చెప్పడం మొదలుపెట్టాను.

ఆ రోజు సత్యానందం గారు మంచం మీద కూర్చుని ఉన్నారు. కంటి మందు వాసన, దాని మీదుగా కర్పూరం. చదవండి అన్నారు. చదివాను, ఆ ఒక్క వాక్యం దగ్గరికి వచ్చి దాటేసి చివరికి వెళ్ళిపోయాను. మళ్ళీ అన్నారు. మళ్ళీ చదివాను, మళ్ళీ దాటేశాను. రెండోసారి మొదటిసారికంటే సులువుగా జరిగింది, అది నాకు బాగా గుర్తు. ఇంతేనా అని అడిగారు. ఇంతేనండి అన్నాను. పెన్ను చేతికిచ్చి, వేళ్ళు పట్టుకుని కాగితం మీద చోటు చూపించాను. సంతకం పెట్టి, మీ అక్షరాలు చాలామందికి ఉపయోగపడాలి అన్నారు. ఆ కాగితం చూపించగానే పత్రికవాళ్ళు సంపాదకుడి గదిలోకి తీసుకెళ్ళి కుర్చీ వేశారు. అబద్ధమాడడని సాక్ష్యం ఉన్న మనిషికి వాళ్ళు ఇచ్చిన మొదటి పని వారఫలాలు రాయడం. నాలుగేళ్ళు పన్నెండు రాశులవాళ్ళకూ ధనలాభం, బంధుదర్శనం పంచాను. రూతమ్మ గారు మాత్రం ఒకసారి కార్డు రాశారు, కన్యారాశికి బంధువులు వస్తారన్నారు, రెండు కిలోల బియ్యం నానబోశాను, ఎవరూ రాలేదని. తర్వాత ఆ అక్షరాలతోనే ప్లాట్ల కంపెనీలకు బోర్డులు రాశాను, కాలేజీలకు ర్యాంకులు రాశాను, ఒక నాయకుడికి ఆత్మకథ రాశాను. పది నిమిషాల్లో విమానాశ్రయం కూడా, ఒప్పుకుంటున్నాను, నాదే. అవి చదివి జనం నమ్మారని నేను అనను. అది బోర్డని, అందులో ఎంత తీసేయాలో, ఇప్పుడు చదివే ప్రతివాడికీ తెలుసు. అప్పట్లో ఒక సందులో ఒక మనిషి కాగితం మీద పేరు రాస్తే దాంట్లోంచి ఏమీ తీసేయాల్సిన పనిలేదు. నేను తిన్నది ఆ ఇంటి అన్నం, వాడుకున్నది ఆ పేరు.

ఇదంతా ఒక కాగితం మీద రాయమంది రాహేలక్క. దాన్ని ఆ నకలుకు జతచేసి పెట్టెలో పెడతానంది. చదివే వాళ్ళకు ఎవరు ఏమిటో తెలుస్తుంది. ఇలా రాస్తే నా పరువేం కానని నేను గొణిగాను. ఊళ్ళో నన్ను నాలుగు సభలకు పిలుస్తారు, శాలువాలు కప్పుతారు. వాటిలో నాన్న సంతకం మీద వచ్చినవి ఎన్నో లెక్కపెట్టుకో అంది. రాశాను. ముప్పై ఏళ్ళుగా రాస్తున్నవాణ్ణి, ఒక పేజీకి గంటన్నర పట్టింది. నిజం రాసేటప్పుడు చెయ్యి ఎక్కడా పరిగెత్తదు.

ఆమె చదివింది. రెండుసార్లు. చదివి, అద్దాలు తీసి, అప్పుడు చెప్పింది.

“గిందుల ఒక్కటి నీకు తెల్వదు. నువ్వు పోయినంక నాన్న నన్ను పిల్చిండు. ఆ నకలు మూడోసారి సదువు అన్నడు. నేను సదివిన, మొత్తం సదివిన. ఇన్నడు. అయ్యో నాన్నా, పత్రికోళ్ళకు ఉత్తరం రాద్దాం, గిట్ల మోసం జేసిండని చెప్దాం అన్న. ఒద్దు అన్నడు. ‘ఆ మాట ఇయ్యాల నిజం కాదు. ఉండనియ్యి, ఎప్పటికన్న అయితదేమో’ అన్నడు. గందుకే అడిగిన నిన్ను. నువ్వు ఏం రాస్తవో చూద్దామని.”

ఆమె అలా అన్నాక నేను కళ్ళు తుడుచుకున్నానని, ఇద్దరం చేతులు పట్టుకుని ఊపి లేచామని, ఇన్నాళ్ళకు ఆయన సంతకం పైన ఉన్న వాక్యం నిజమైందని రాసి ఇక్కడ ముగిస్తే అందంగా ఉంటుంది. నిజానికి మొదట అలాగే ముగించాను. రెండు రోజులు ఆ ముగింపుతో సుఖంగా నిద్రపోయాను కూడా.

కానీ రాహేలక్క ఆ మాటలు అనలేదు. పైన ఆమె నోట పెట్టిన ఆ చివరి మాటలన్నీ నేను కల్పించినవి. మంచం కథ కూడా కల్పితమే, అది మీకు ముందే తెలుసు. జరిగింది ఇది. ఆమె నా కాగితం చదివింది. అందులో నేను ‘ఆ వాక్యాన్ని పొరపాటున వదిలి చదివాను’ అని రాశాను. ఆమె ఎర్ర పెన్ను తీసి ‘పొరపాటున’ కొట్టేసింది. పక్కన సంతకం పెట్టమంది. పెట్టాను. నకలుకు పిన్ను గుచ్చి, పెట్టెలో వేసి, మూత వేసింది. ఫారం మీద తను సంతకం చేసింది. మెట్లు దిగి నేను వచ్చేశాను. గురువారం పెట్టెలు వెళ్ళిపోయాయి.

ఆయన మూడోసారి ఎవరిచేతా చదివించుకోలేదు. అనుమానం లేనప్పుడు ఎందుకు చదివించుకుంటారు? రెండుసార్లూ చదివింది నేను కదా.